నాడె నుండి సాంచా దాకా: మరమగ్గపు పనివాని నైపుణ్యం, వృత్తితృప్తి

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశంలో తొలి సంపుటం 1962లో వ్యవసాయ పదాలతోను, రెండవ సంపుటం 1971లో చేనేత పదాలతోను వెలువడ్డాయి. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి నాయకత్వంలో రూపొందిన ఆ ప్రణాళిక తెలుగు భాషాపరిశోధనకు చేసిన మేలు గురించి ఇక్కడ కొత్తగా చెప్పవలసినది లేదు. కానీ చేనేత సంపుటానికి భాషాశాస్త్రం గుర్తించిన విలువ కాక మరొక విలువ కూడా ఉంది. అది ఒక నైపుణ్యానికి సాక్ష్యం. ఒక సమాజంలో మగ్గంలోని ఏ చిన్న పుల్లకు వేరే పేరు ఉందో, పోగుకు వచ్చే ఏ దోషాన్ని వేరొక దోషం నుండి మాటతో విడదీసి చెప్పగలరో, ఆ సమాజంలోని పనివానికి అంత సూక్ష్మంగా చూపూ చేయీ పనిచేస్తాయి. పదకోశం తెలియకుండానే చేసిన పని ఇది. నేతగాని తెలివిని అది అకారాది క్రమంలో భద్రపరచింది.

ఆ సంపుటం వెలువడిన కాలానికే తెలుగు నేతగాళ్ళలో చాలామంది చేతిమగ్గం విడిచి మరమగ్గం ముందు నిలబడి ఉన్నారు. షోలాపురం, భివండీ, ముంబై, సిరిసిల్ల వంటి చోట్ల వారి మాటలు మారుతున్నాయి, వారి పని మారుతున్నది. చేనేత పదకోశానికి ఆ మాటలు సహజంగానే పరిధి వెలుపలివి. అందులో తప్పు లేదు. అయితే దాని పర్యవసానంగా ఒక అభిప్రాయం స్థిరపడింది. చేతిమగ్గం నేతగాడు కళాకారుడు, మరమగ్గం మనిషి కేవలం యంత్రానికి కాపలాదారు అన్నదే ఆ అభిప్రాయం. కథలలోను, ప్రభుత్వ నివేదికలలోను, సాధారణ సంభాషణలోను ఇది ప్రశ్నించనవసరం లేని సత్యంగా కనిపిస్తుంది. మరమగ్గం చరిత్రను పనివాని వైపు నుండి చూస్తే ఈ సత్యం అంత దృఢంగా నిలవదు. యంత్రం వచ్చినప్పుడు నైపుణ్యం నశించలేదు, చోటు మారింది. చోటు మారిన నైపుణ్యాన్ని ఎవరు గుర్తించారు, ఎవరు దానికి మెట్లు కట్టారు, ఎవరు కట్టలేదు అన్న దానిమీదనే ఆ పనిలో తృప్తి ఉండడమూ లేకపోవడమూ ఆధారపడ్డాయి.

గుంట మగ్గం నేర్పిన పని

గుంట మగ్గంలో కూర్చున్న నేతగాని పనిని మూడు కదలికలుగా విడదీయవచ్చు. కాళ్ళతో తొక్కుడు చెక్కలు నొక్కి పడుగును రెండుగా విడదీయడం మొదటిది. ఆ సందులోనుండి నాడెను దాటించడం రెండవది. పడిన పేకను అచ్చుతో కొట్టి దగ్గర చేయడం మూడవది. మరమగ్గం చేసేవీ ఈ మూడే. ఇంజనీర్లు కూడా మరమగ్గం పనిని వివరించేటప్పుడు ఈ మూడింటినే ప్రధాన చలనాలంటారు. కానీ ఈ మూడింటి చుట్టూ కంటికి కనబడని పని చాలా ఉంది. పోగు ఎంత బిగువుగా ఉన్నదో వేలికొనతో తెలుసుకోవడం, గంజి ఎక్కువైన పడుగు ఎండకు పెళుసెక్కుతుందని ముందే పసిగట్టడం, తెగిన పోగును ముడి కనబడకుండా అతకడం, వానాకాలపు తేమకు తగినట్లు దెబ్బ మార్చుకోవడం వంటివి దానిలో భాగాలు.

పైగా ఇది ఒక్కరి నైపుణ్యం కాదు. ఆసు పోసేవారు, రాట్నం మీద కండెలు చుట్టేవారు, వీధిలో పడుగు సాచి గంజి పట్టించేవారు అందరూ కలిసి కుటుంబమూ కులమూ అనే ఒక పాఠశాలను నడిపేవారు. పిల్లవాడు కండెలతో మొదలుపెట్టి క్రమంగా మగ్గం గుంటలోకి దిగేవాడు. ఎప్పుడు నేర్చుకున్నావని అడిగితే చెప్పలేని రీతిలో నేర్చుకోవడం ఆ పాఠశాల లక్షణం. తత్త్వవేత్త మైకేల్ పొలాన్యీ 1966లో ప్రకటించిన గ్రంథంలో మనిషి తాను చెప్పగలిగిన దానికంటే ఎక్కువే ఎరుగునని ప్రతిపాదించి, దానికి మౌనజ్ఞానమనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. చేనేతకు ఆ భావన అక్షరాలా అన్వయిస్తుంది.

చేతిమగ్గాన్ని మార్పులేని పురాతన పరికరంగా భావించడం సరికాదని కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఇంగ్లండులో జాన్ కే 1733లో రూపొందించిన ఎగిరే నాడెను, అంటే తాడు లాగితే అటూ ఇటూ పరుగెత్తే నాడెను, మద్రాసు రాజధానిలోని నేతగాళ్ళు 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో విరివిగా స్వీకరించారు. ఒక పరికరాన్ని తనదిగా చేసుకొని దానితో పనిని పెంచుకోవడం తెలుగు నేతగానికి మరమగ్గంతో మొదలైన విద్య కాదు.

లంకాషైరు: నాలుగు మగ్గాల మనిషి

మరమగ్గానికి 1785లో పేటెంటు పొందిన ఎడ్మండ్ కార్ట్‌రైట్ క్రైస్తవ మతాచార్యుడు. నేసేవాణ్ణి అంతకుముందు తాను చూడనే లేదని ఆయనే చెప్పుకొన్నాడు. ఆయన మొదటి యంత్రం ఆ విషయాన్ని చాటుతూనే ఉంది. దాన్ని కదిలించడానికి బలమైన మనుషులు ఇద్దరు కావలసి వచ్చింది. నేతను పైనుండి చూస్తే కనబడే మూడు కదలికలను ఆయన యంత్రానికి నేర్పాడు. కనబడని పని మిగిలిపోయింది. గంజి సంగతే చూడవచ్చు. మగ్గాన్ని మాటిమాటికీ ఆపి పడుగుకు గంజి పట్టించవలసి వచ్చినంత కాలం మరమగ్గం వల్ల లాభం లేకపోయింది. 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో విలియం రాడ్‌క్లిఫ్ ప్రోత్సాహంతో పడుగుకు ముందుగానే గంజి పట్టించే యంత్రం తయారైన తర్వాతనే ఆ చిక్కు విడింది. తెలుగు వీధులలో తెల్లవారుజామున జరిగే పని విలువ ఎంతో లంకాషైరు మిల్లులకు అప్పుడు తెలిసివచ్చింది.

రెండవ చిక్కు పేక తెగడం. పేక తెగినా, కండె అయిపోయినా మగ్గం ఆడుతూనే ఉంటే గుడ్డలో పేక లేని పట్టీ మిగులుతుంది. అందువల్ల మనిషి రెప్ప వాల్చకుండా చూస్తూ ఉండాలి. బ్లాక్‌బర్న్‌లో కెన్వర్తీ, బుల్లో అనే ఇద్దరు 1841లో పేక తెగగానే మగ్గం తనంతట తానే ఆగే ఏర్పాటును పేటెంటు చేశారు. పనివాని చరిత్రలో ఇది చిన్న మార్పు కాదు. మనిషి చూపు ఒక మగ్గం నుండి విడుదలైంది. విడుదలైన చూపును యాజమాన్యం మరికొన్ని మగ్గాలకు పంచింది. 19వ శతాబ్దం ముగిసేనాటికి లంకాషైరులో మనిషికి నాలుగు మగ్గాలు అన్నది ఆనవాయితీ అయింది.

నాలుగు మగ్గాలను చూసుకోవడమంటే నాలుగింతల కాపలా అని అనుకోవడం సులభం. నిజానికి అక్కడ ఒక కొత్త నైపుణ్యం పుట్టింది. ఏ మగ్గంలో కండె ఎంత మిగిలి ఉందో, ఏది ముందు ఆగబోతుందో, ఎటు నుండి ఎటు నడిస్తే రెండు మగ్గాలు ఒకేసారి ఆగకుండా ఉంటాయో పనివాని మనస్సులో ఎల్లప్పుడూ ఒక లెక్క నడుస్తూ ఉండాలి. ఆగిన మగ్గాన్ని మళ్ళీ ఆడించేటప్పుడు పేక తెగిన చోటును సరిగ్గా పట్టుకోకపోతే గుడ్డ మీద అడ్డగీత పడుతుంది. ఆ గీత పడకుండా మగ్గాన్ని ఎత్తుకోవడం ఏళ్ళ తరబడి సాధన చేస్తే తప్ప రాదు. వందలాది మగ్గాల హోరులో మాట వినబడదు కనుక ఆ నేతగత్తెలు పెదవుల కదలికతో మాట్లాడుకోవడం నేర్చారు. అయితే అదే హోరులో తన మగ్గం శబ్దంలోని తేడాను వారి చెవి పట్టుకొనేది. వినికిడి పోగొట్టిన పనే వినడాన్ని నేర్పింది.

ఈ నైపుణ్యానికి ధర కట్టడంలో లంకాషైరు నేత కార్మిక సంఘాలు చేసిన పని ప్రత్యేకంగా చెప్పదగినది. బ్లాక్‌బర్న్‌లో 1853లో కుదిరిన కూలిరేట్ల పట్టిక మొదలు, 1892 నాటి ఏకరూప పట్టిక దాకా ఒక గుడ్డకు ఎంత కూలి అన్నది దాని వెడల్పు, పోగుల లెక్క, నూలు సన్నదనం వంటి వాటిని బట్టి నిర్ణయమయ్యేది. కష్టమైన గుడ్డకు ఎక్కువ కూలి. ఆ పట్టిక ఆడా మగా భేదం లేకుండా వర్తించింది. నాటి ఇంగ్లండు పరిశ్రమలలో ఇది అరుదైన విషయం. పట్టికలో గడి గడికీ ఉన్న అంకెలు నేతగత్తె చేతి పని గురించి యజమాని వ్రాతపూర్వకంగా ఒప్పుకొన్న సాక్ష్యాలు. వృత్తితృప్తి అన్న మాట అప్పటికి పుట్టలేదు గాని, దానికి పునాది ఇటువంటిదే.

ఆ వృత్తికి హద్దు కూడా అక్కడే ఉంది. మగ్గం చెడితే బాగుచేయడానికి ‘టాక్లర్’ అనే వేరొక మనిషి ఉండేవాడు. అతడు పురుషుడు. అతని సంఘం వేరు. నేతగత్తె ఎన్నేళ్ళు పనిచేసినా మగ్గం బిగింపులను సవరించే అధికారం ఆమెకు దక్కలేదు. యంత్రం గురించి తెలియడానికీ యంత్రం మీద అధికారానికీ మధ్య గీసిన ఈ గీత తర్వాత ప్రపంచమంతటా మరమగ్గాన్ని వెంటాడింది. ఒళ్ళు అరగదీసిన అలవాట్ల సంగతి వేరు. కొత్త కండె పెట్టినప్పుడల్లా నాడె కంతకు నోరు ఆనించి పోగును పీల్చి తీయడం క్షయ వంటి వ్యాధులకు దారి అని తెలిసినా, ఆ పద్ధతి లంకాషైరులో నిషేధానికి గురైనది 1952లో మాత్రమే.

జపానులో సాకిచీ తొయోదా 1924లో పూర్తిచేసిన జి రకపు స్వయంచాలక మగ్గం పోగు తెగితే ఆగడమే కాక, నాడెను తనంతట తానే మార్చుకొన్నది. 1929లో ఓల్డ్‌హామ్‌కు చెందిన ప్లాట్ సోదరుల సంస్థ ఆ యంత్రపు హక్కులు కొన్నది. మరమగ్గాన్ని ప్రపంచానికి అమ్మిన ఊరు దాన్ని ప్రపంచం నుండి కొనవలసి రావడం ఆ పరిశ్రమ చరిత్రలో ఒక మలుపు. దాని తర్వాత మనిషికి ఎన్ని మగ్గాలన్న ప్రశ్న మరింత తీవ్రమైంది. 1930ల తొలినాళ్ళలో బర్న్‌లీ ప్రాంతంలో ‘మరిన్ని మగ్గాలు’ అన్న పేరుతోనే పెద్ద వివాదం నడిచింది.

ఇదే వివాదం ముంబైలో అంతకు ముందే వచ్చింది. అక్కడ నేతగానికి రెండు మగ్గాలు అలవాటు. 1920ల చివర కొన్ని మిల్లులు మూడు మగ్గాలు అప్పగించడానికి ప్రయత్నించాయి. 1928లో దాదాపు ఆరు నెలలు నగరపు మిల్లులను స్తంభింపజేసిన సమ్మెకు ఉన్న కారణాలలో ఇది ముఖ్యమైనది. ఆ సమ్మెలో నేతగాళ్ళు ముందు నిలిచారు. కూలి తగ్గుతుందన్న భయం ఎంత నిజమో, మూడవ మగ్గం తన పని నాణ్యతను చెడగొడుతుందన్న పట్టుదల కూడా అంతే నిజం. గుడ్డలో దోషం కనబడితే జరిమానా చెల్లించవలసినవాడు నేతగాడే.

అహ్మదాబాదు ప్రయోగం

పారిశ్రామిక కార్మికుల మనస్తత్త్వంపై వచ్చిన పరిశోధనలలో మగ్గానికి ఒక విశిష్టస్థానం తెచ్చినది పాశ్చాత్య నగరం కాదు, అహ్మదాబాదు. సారాభాయి కుటుంబానికి చెందిన కాలికో మిల్లులో 1952లో స్వయంచాలక మగ్గాలు ప్రవేశపెట్టారు. 224 మగ్గాల షెడ్డు అది. పనిని శాస్త్రీయంగా అంచనా వేసి 12 రకాల ఉద్యోగాలుగా విభజించారు. నేసేవాడు వేరు, కండెలు నింపేవాడు వేరు, పడుగు చిట్లితే సరిచేసేవాడు వేరు, కొత్త బీము ఎక్కించేవాడు వేరు, నూనె పోసేవాడు వేరు. ప్రతి ఒక్కరికీ చేయవలసిన పని స్పష్టంగా నిర్ణయమైంది. కాగితం మీద ఇందులో లోపమేమీ లేదు. కానీ ఉత్పత్తి ఆశించినంత రాలేదు, దెబ్బతిన్న గుడ్డ మాత్రం ఎక్కువ వచ్చింది.

లండనులోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఏ. కె. రైస్ ఆ షెడ్డును పరిశీలించి ఒక విషయం గమనించాడు. ఒక మగ్గం ఆగితే దాన్ని మళ్ళీ ఆడించడానికి అనేకులు కావాలి. వారెవరూ ఒకరికొకరు బాధ్యులు కారు. ఒకే మనిషి అనేక నేతగాళ్ళ మగ్గాలకు పనిచేయవలసి ఉండడంతో ఎవరికి ఎవరు తోడో తెలియని గందరగోళం ఏర్పడింది. యంత్రాలు పరస్పరం ముడిపడి ఉన్నాయి, మనుషులు మాత్రం విడివిడిగా ఉన్నారు. రైస్ ప్రతిపాదన సరళమైనది. కొన్ని మగ్గాలకు కొందరు మనుషుల జట్టు, ఆ మగ్గాల మంచిచెడ్డలన్నిటికీ ఆ జట్టే బాధ్యత. 64 మగ్గాలకు ఏడుగురి జట్టుగా 1953లో ప్రయోగం మొదలైంది.

ఆ తర్వాత జరిగినదే ఈ ప్రయోగంలో విలువైన అంశం. ఆలోచన తమ ముందుకు రాగానే కార్మికులు దాన్ని తమదిగా చేసుకొన్నారు. ఎవరు ఏ జట్టులో ఉండాలో తామే నిర్ణయించుకొన్నారు. జట్టులోనివారు ఒకరి పని ఒకరు నేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆరంభంలో ఒడుదుడుకులు ఎదురైనా, కుదుటబడిన తర్వాత ఉత్పత్తి పెరిగింది, చెడిన గుడ్డ తగ్గింది. యంత్రాలు మాత్రం పాతవే. మారినది ఒక మనిషికి నేర్చుకోవడానికి ఉన్న అవకాశం. నూనె పోసేవాడు నూనె పోసేవాడుగానే రిటైరు కావలసిన వ్యవస్థలో ఎదురుచూడడానికి ఏమీ ఉండదు. జట్టులో నేటి సహాయకుడు రేపటి నేతగాడు. రైస్ ఈ అనుభవాన్ని 1958లో గ్రంథంగా ప్రకటించాడు.

ఈ విజయగాథను అతిశయించి చెప్పడం కూడా తగదు. ఎరిక్ మిల్లర్ తర్వాతి కాలంలో చేసిన పునఃపరిశీలన ప్రకారం జట్టు పద్ధతి కొన్నిచోట్ల ఏళ్ళ తరబడి నిలిచింది, మరికొన్నిచోట్ల నూలు, మార్కెటు ఒత్తిళ్ళ కారణంగా పాత విభజనలోకి జారిపోయింది. ప్రయోగశాలలోని ఫలితం బజారు గాలి తగలగానే అదే రూపంలో ఉండదు.

ఈ సందర్భంలో రెండు సిద్ధాంతాలను ప్రస్తావించక తప్పదు. రాబర్ట్ బ్లౌనర్ 1964లో అమెరికాలోని నాలుగు పరిశ్రమల కార్మికులను పోల్చి, మగ్గాల వద్ద పనిచేసేవారికి పనిమీద అధికారం తక్కువైనా, ఊరు, బంధుత్వం, సంప్రదాయం వారిని పనికి కట్టిపడవేస్తున్నాయని గుర్తించాడు. హారీ బ్రేవర్‌మన్ 1974లో దీనికి భిన్నమైన వాదం చేశాడు. ఆయన స్వయంగా రాగిపని చేసిన కార్మికుడు. పెట్టుబడి వ్యవస్థ ఆలోచనను చేతి నుండి విడదీసి పనివాని నైపుణ్యాన్ని క్రమంగా హరిస్తుందని ఆయన సిద్ధాంతం. తెలుగు మరమగ్గాల విషయంలో బ్లౌనర్ చెప్పిన ఊరూ బంధుత్వమూ కనిపిస్తాయి, బ్రేవర్‌మన్ చెప్పిన హరణమూ కనిపిస్తుంది. అయినా రెండింటికీ లొంగనిది ఒకటి మిగులుతుంది.

సాంచాలు

తెలుగు ప్రాంతంలో యంత్రం మీద నేతకు రెండు దారులున్నాయి. ఒకటి మిల్లు. నిజాము కాలంలో 1934లో వరంగల్లులో ఏర్పడిన ఆజంజాహి మిల్లు దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. 1970లలో జాతీయం కావడం, 21వ శతాబ్దపు ఆరంభంలో మూతపడడం దాని తరువాతి చరిత్ర. మిల్లులో షిఫ్టు, హోదా, సంఘం, భవిష్యనిధి ఉండేవి. రెండవ దారి చిన్న షెడ్డు. ఇంటి పక్కన రేకుల కప్పు కింద నాలుగో ఎనిమిదో మగ్గాలు. స్వాతంత్ర్యానంతర విధానం ఈ రెండవ దారిని ఒకవైపు తెరచింది, మరొకవైపు అనుమానంతో చూసింది. 1954లో కానుంగో సంఘం చేతిమగ్గాలను క్రమంగా మరమగ్గాలుగా మార్చాలని సిఫారసు చేసింది. 1985 నాటి రిజర్వేషను చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన ఆరంభమైన ముంబై మిల్లుల సమ్మె తర్వాత నేత పెద్దమిల్లుల నుండి చిన్న షెడ్లకు మరింతగా తరలింది.

సిరిసిల్ల ఈ రెండవ దారిలో పెరిగిన ఊరు. వేల సంఖ్యలో మరమగ్గాలున్న ఈ పట్టణంలో వాటిని సాంచాలంటారు. మరాఠీ, హిందీ భాషలలో ఈ మాటకు మూస, అచ్చు అని అర్థం. మహారాష్ట్రలోని నేతకేంద్రాలకు వలస వెళ్ళి తిరిగివచ్చిన పద్మశాలీల వెంట ఈ మాట వచ్చి ఉంటుందని భావించడం సహేతుకం. చేతిమగ్గంలో పోగులను వరసలో నిలిపే భాగానికి తెలుగులో ముందునుండీ ఉన్న పేరు అచ్చు. అదే అర్థం గల పొరుగు మాట ఇక్కడ మగ్గం మొత్తానికి పేరయింది. యాదృచ్ఛికమే కావచ్చు గాని భాషాభిమానిని ఒక్క క్షణం ఆపే యాదృచ్ఛికం.

అక్కడి వ్యవస్థలో నూలు ఇచ్చి గుడ్డ తీసుకొనే యజమాని, మగ్గాలు ఉండి యజమాని పని చేసిపెట్టే ఆసామి, ఆసామి మగ్గాల మీద కూలికి నేసే కార్మికుడు అనే మూడు అంతరువులు కనిపిస్తాయి. నేతకు ముందూ పక్కనా జరిగే పనులకు వార్పింగు, వైపని వంటి పేర్లు ఉన్నాయి. కార్మికునికి కూలి మీటరు లెక్కన. ఒక్కొక్కరు నాలుగు మొదలు ఎనిమిది, అంతకు మించిన సాంచాలు కూడా చూసుకొంటారు. పన్నెండు గంటల పని అసాధారణం కాదు. మగ్గాలలో చాలావరకు ఇతర కేంద్రాలలో వాడి అమ్మివేసినవి.

పాత మగ్గం కావడమే ఇక్కడి నైపుణ్యానికి ముఖ్యకారణం. కొత్త యంత్రం తన నియమాలను తానే పాటిస్తుంది. అరిగిపోయిన యంత్రాన్ని మనిషి పాటింపజేయాలి. నాడెను విసిరే తోలు ఎంత మెత్తబడిందో, దెబ్బ ఎప్పుడు ఆలస్యమవుతోందో, ఏ బోల్టు ఎంత వదులైతే గుడ్డ అంచు పీక్కుపోతుందో ఒక్కో సాంచాకు ఒక్కో రీతి. ఎనిమిది సాంచాలున్నవాడికి ఎనిమిది స్వభావాలు తెలియాలి. పాలియెస్టరు పోగు జారుడు గుణం వేరు, నూలు పోగు పెళుసుదనం వేరు. షెడ్డు నిండా ఒకే మోత అని బయటివారికి తోచే చోట, పనివాడు వీపు తిప్పుకొని ఉండగానే ఏ మగ్గం నాడె సరిగ్గా పెట్టెలో కుదురుకోలేదో తెలుసుకొంటాడు. లంకాషైరు నేతగత్తెకు దక్కని మరమ్మతు ఇక్కడ చాలావరకు షెడ్డులోనే, ఆసామి చేతనో అనుభవజ్ఞుడైన కార్మికుని చేతనో జరుగుతుంది. పేదరికం ఇచ్చిన అధికారం ఇది. మరమ్మతు చేసేవాడిని పిలిపించే స్తోమత లేకపోవడం వల్ల గీత చెరిగిపోయింది.

అయితే ఈ నేర్పుకు పట్టిక లేదు. అరిగిన మగ్గం మీద దోషం లేని గుడ్డ తీసినవానికి, కొత్త మగ్గం మీద తీసినవానికి మీటరు ధర ఒకటే. కష్టానికి ధర కట్టిన 1892 నాటి లంకాషైరు పద్ధతితో పోలిస్తే ఇది వెనుకడుగు. పెరిగిన నైపుణ్యం కూలిలో కనిపించక, ఎక్కువ మగ్గాలు చూసుకోవడంలో మాత్రమే కనిపిస్తుంది. అంటే నేర్పుకు దొరికే ప్రతిఫలం మరింత అలసట. 1990ల చివరి నుండి సిరిసిల్లను వార్తలకెక్కించిన ఆత్మహత్యల వెనుక అప్పులు, మార్కెటు పతనం, విద్యుత్తు ఖర్చుల వంటి కారణాలున్నాయి. వాటిని వృత్తితృప్తి అన్న ఒక్క భావనతో వివరించబూనడం అమానుషమవుతుంది. కానీ చేతిలో పని ఉండి, పనిలో నేర్పు ఉండి, ఆ నేర్పు తన బతుకును ఒక్క మెట్టు కూడా ఎక్కించదని తెలిసిన మనిషి స్థితిని ఆ చర్చలో చేర్చకపోవడమూ న్యాయం కాదు.

2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీ ఆరంభించిన తర్వాత ఏర్పడిన పరిస్థితి ఈ దృష్టితో పరిశీలించదగినది. సిరిసిల్ల సాంచాలకు అప్పటివరకు ప్రధానంగా అలవాటైనది సాదా గుడ్డ. చీర అంటే అంచు కావాలి, కొంగు కావాలి, రంగుల పేక మారాలి. ఆర్డర్లు కొనసాగిన కొద్దీ డిజైన్లు పెరిగి, సాదా మగ్గాలకు డాబీ, జకార్డు వంటి అమరికలు బిగించవలసి వచ్చింది. 1804లో జకార్డ్ రూపొందించిన కంతల అట్టల పద్ధతికి వారసులైన ఆ అమరికలను అరిగిన మగ్గాల మీద కుదర్చడం పుస్తకంలో చదివి నేర్చుకొనే పని కాదు. ఆర్డరులో కూలి పెరిగిందన్నది ఒక సంతోషం. మీటరు గుడ్డ నేసే షెడ్డులో చీర దిగుతున్నదన్నది దానికి భిన్నమైన సంతోషం. మీటరుకు పేరుండదు, చీరకు ఉంటుంది. ఎవరు కడతారో ఊహించుకోవడానికి వీలుంటుంది. గుంట మగ్గం నేతగానికి సహజంగా లభించిన ఈ ఊహ మరమగ్గం మనిషికి ప్రభుత్వ ఆర్డరు ద్వారా, పండుగ ద్వారా తిరిగి లభించింది. ఒక్క కొనుగోలుదారు మీద ఆధారపడిన సంతోషం కనుక ఆ కొనుగోలు ఆగినప్పుడు అదీ ఆగింది.

పేరు లేని మెట్లు

సిరిసిల్ల కార్మికులను సాంచాల యజమానులను చేయడానికి ‘వర్కర్ టు ఓనర్’ అన్న పేరుతో ప్రభుత్వం ఒక పథకం ప్రకటించింది. ఉద్దేశం మంచిదే. ఆ పేరులో మాత్రం రెండు మెట్లే ఉన్నాయి. కార్మికుడు, యజమాని. మధ్యలో ఉండవలసినవాడు, అంటే ఇరవై ఏళ్ళు సాంచాల మధ్య నడిచి, జకార్డు బిగించడం నేర్చి, కొత్తవానికి నేర్పగలిగినవాడు అందులో కనిపించడు. కనీస వేతనాల జాబితాలు నైపుణ్యం లేనివారు, అర్ధనైపుణ్యులు, నిపుణులు అన్న వర్గీకరణ చేస్తాయి. మీటరు లెక్కన కూలి తీసుకొనే షెడ్డులో ఎవరు ఏ వర్గమో అడిగే సందర్భమే రాదు. ఆసామి కావడం ఒక్కటే ఎదుగుదల అయినప్పుడు నేర్పు పెరగడం ఎదుగుదల కాకుండా పోతుంది. అప్పు తీసుకోగలగడం ఎదుగుదల అవుతుంది.

సాహిత్య, భాషా పరిశోధకులకు ఇక్కడ పని ఉంది. సాంచాల షెడ్డులో పడుగు, పేక, కండె, నాడె, అచ్చు వంటి చేనేత మాటలు చాలావరకు సజీవంగా ఉన్నాయి. వాటి పక్కన బీము, పీసు, జాబర్ వంటి ఆంగ్లపదాలు, సాంచా వంటి పొరుగుపదాలు వచ్చి చేరాయి. ఏ మాట మిగిలింది, ఏ మాట తన అర్థాన్ని యంత్రానికి తగినట్లు సర్దుకొంది, గుడ్డ దోషాలను, మగ్గం శబ్దాలను పనివారు ఏ మాటలతో గుర్తిస్తున్నారు అన్న పరిశీలనకు 1971 నాటి సంపుటం సిద్ధంగా ఉన్న కొలబద్ద. ఆనాటి పద్ధతిలోనే జిల్లాలవారీగా, షెడ్లవారీగా సేకరిస్తే, పనివాని నైపుణ్యంలో ఏది చేతిమగ్గం నుండి తెచ్చుకొన్నదో, ఏది యంత్రం ముందు నిలబడి కొత్తగా సంపాదించుకొన్నదో మాటల సాక్ష్యంతో విడదీయవచ్చు. షోలాపురం, భివండీలలోని తెలుగువారి వాడుకను కూడా చేర్చకపోతే ఆ సేకరణ సగమే అవుతుంది.

ఈ సేకరణకు గడువు ఉంది. పాత సాంచాలు తుక్కు కింద అమ్ముడుపోయి, వాటి స్థానంలో రేపియర్ మగ్గాలు వస్తున్నాయి. అక్కడ పేకను ఒక వైపు నుండి ఉక్కు కొక్కెం అందిస్తుంది, లేదా రెండు వైపుల నుండి రెండు కొక్కేలు ఒకదానికొకటి అందించుకొంటాయి. రేపియర్ మగ్గంలో నాడె లేదు.